లెంటు రాత్రుల్లో దావీదు మేడ

భస్మ బుధవారం నాడు గుళ్లో బైబిల్లోని 51వ కీర్తన చదవడంతో లెంటు దినాలు, అంటే క్రైస్తవుల ఉపవాస కాలం, మొదలయ్యేవి. అక్కణ్ణుంచి ఈస్టరు దాకా, ఆదివారాలు తీసేస్తే నలభై రోజులు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) పేటల్లో ఆ రోజుల్లో రాత్రిపూట రోజుకో ఇంట్లో కూడిక జరిగేది. పొలాలనుంచి వచ్చి, స్నానాలు చేసి, అన్నాలు తిని జనం చేరేసరికి ఎనిమిదిన్నర దాటేది. వాకిట్లో చాపలు, దూలానికి వేలాడే పెట్రోమాక్స్ లైటు, కరెంటున్న ఇంట్లో అయితే అరవై క్యాండిల్ బల్బు. మగవాళ్ళు ఒక పక్క, ముసుగులేసుకున్న ఆడవాళ్ళు ఒక పక్క, మధ్యలో నిద్రకి తూగే పిల్లలు. రెండు కీర్తనలు, ప్రార్థన, వాక్యం, మళ్ళీ ప్రార్థన, చివర ఆ ఇంటివాళ్ళ టీ. ఎనభైల్లో, తొంభైల్లో ఆ పేటల్లో పెరిగినవాళ్ళకి ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు.

పాస్టరు గారికి చూసుకోవాల్సిన ఊళ్ళు చాలా ఉండేవి. అందుకే ఎక్కువ రాత్రులు వాక్యం చెప్పింది ఉపదేశి గారో, సంఘ పెద్దల్లో ఒకరో. పెద్ద చదువులు లేవు వాళ్ళకి. కానీ సమూయేలు రెండో గ్రంథం 11వ అధ్యాయం నుంచి 20వ అధ్యాయం దాకా చూడకుండా చెప్పగలిగేవాళ్ళు. ఇప్పటి యవ్వనస్థుల కూడికల్లో మోహం గురించి చెప్పేటప్పుడు ఇశ్రాయేలు రాజు దావీదు మేడెక్కాడు, చూశాడు, పడిపోయాడు అని ఇరవై నిమిషాల్లో ముగిస్తున్నారు. అప్పట్లో దానికి నాలుగు రాత్రులు పట్టేది. మేడ మీద జరిగింది మొదటి రాత్రికే అయిపోయేది. మిగతా మూడూ దాని మూల్యం ఎవరెవరు కట్టారో చెప్పడానికే.

మొదటి రాత్రి అంటే 11వ అధ్యాయం మొదటి ఐదు వచనాలు. వసంతకాలం, రాజులు యుద్ధానికి బయలుదేరే కాలం. ఇశ్రాయేలు దేశంలో వానలు శీతాకాలంలో కురుస్తాయి. వసంతం వచ్చేసరికి దారులు ఆరతాయి, కొద్దిరోజుల్లో యవలు కోతకొస్తాయి, సైన్యానికి తిండి దొరుకుతుంది. అందుకే ఆ కాలం. సేనాపతి యోవాబు సైన్యంతో వెళ్ళి అమ్మోనీయుల పట్టణం రబ్బాను ముట్టడించాడు, దావీదు యెరూషలేములో నిలిచిపోయాడు. మొదటి కన్నం అక్కడ పడిందనేవాళ్ళు పెద్దలు: ఉండాల్సిన చోట లేకపోవడం. రెండోది, ప్రొద్దు గ్రుంకువేళ పడకమీదనుంచి లేవడం. తెల్లారకుండానే పొలానికి పోయేవాళ్ళ మధ్య ఆ మాటకి వ్యాఖ్యానం అక్కర్లేదు, చాపలమీద నవ్వులు వినబడేవి. మూడోది చూపు: మేడమీదనుంచి స్నానం చేస్తున్న ఒకామెను చూశాడు. కంటబడటం పాపం కాదు, కంటబడినదాన్ని పట్టుకు వేలాడటం దగ్గరే మొదలవుతుందని చెప్పి యాకోబు 1:14, 15 చదివేవాళ్ళు: "ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులు కొల్పబడినవాడై శోధింపబడును. దురాశ గర్భము ధరించి పాపమును కనగా, పాపము పరిపక్వమై మరణమును కనును." ఈడ్వబడటం, మరులు, గర్భం, కాన్పు, ఎదుగుదల, మరణం. ఈ వరస పిల్లలందరికీ కంఠతా వచ్చేది.

మేడ కథలో ఆ తర్వాత వచ్చే మూడో వచనాన్ని మాత్రం చాలామంది బోధకులు గబగబా దాటేస్తారు. ఆమె ఎవరో కనుక్కోమని దావీదు మనిషిని పంపాడు. జవాబొచ్చింది: ఏలీయాము కూతురు బత్షెబ, హిత్తీయుడైన ఊరియా భార్య. ఆ రెండు పేర్లూ 23వ అధ్యాయంలో దావీదు శూరుల జాబితాలో మళ్ళీ కనిపిస్తాయి. ఊరియా అందులో ఆఖరివాడు, మొత్తం ముప్పైయేడుగురని లెక్క కూడా అక్కడే ఉంది. ఏలీయాము గిలోనీయుడైన అహీతోపెలు కొడుకని అక్కడ రాసుంది. ఇద్దరు ఏలీయాములూ ఒకరే అయితే బత్షెబ దావీదు మంత్రి అహీతోపెలుకి మనవరాలవుతుంది. ఈ సంగతి నాలుగో రాత్రికి పనికొస్తుంది. ఇప్పటికి తెలుసుకోవాల్సింది ఒకటే. మోహానికి కావాల్సింది ఒక శరీరం. ఆ సేవకుడు దానికి పేరు పెట్టాడు, తండ్రిని చూపించాడు, మొగుణ్ణి చూపించాడు. తలుపు మూసుకోవడానికి అంతకన్నా మంచి అదను దావీదుకి మళ్ళీ రాలేదు. తెలియక పడ్డాడనడానికి వీల్లేదు, అన్నీ చెప్పించుకుని మరీ పడ్డాడు. దూతల్ని పంపి ఆమెను రప్పించుకున్నాడు, తర్వాత ఆమె కడుపుతో ఉన్నానని కబురు పంపింది.

ద్వితీయోపదేశకాండం 22:8లో కొత్త ఇల్లు కట్టుకునేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలని ఆజ్ఞ ఉంది, ఎవడైనా పడి చస్తే ఆ హత్యదోషం ఇంటిమీదికి రాకుండా. తాపీపని తెలిసిన పెద్దలు దీన్ని బాగా వాడుకునేవాళ్ళు. పిట్టగోడ అంచున కడతారు, కింద పడేచోట కాదు. ఒంటరి సాయంత్రానికీ, పనిలేని మధ్యాహ్నానికీ, మూసిన గదికీ గోడ కట్టుకోవాలిగాని, మంచం పక్కకొచ్చాక గోడ కట్టేదెక్కడ అని.

మొదటి రాత్రిలోనే ఒక తప్పు కూడా జరిగేది. కొందరు పెద్దలు బత్షెబను దులిపేవాళ్ళు. రాజు మేడకి ఎదురుగా స్నానమేమిటి, ఆడపిల్ల ఒళ్ళు దాచుకోవద్దా అని. వాక్యంలో ఆ మాట ఎక్కడా లేదు. రాజనగరు ఎత్తున ఉంది, అక్కణ్ణుంచి చూస్తే కింది లోగిళ్ళన్నీ కనిపిస్తాయి. నాలుగో వచనం ఆమె అపవిత్రత సంగతి చెబుతుంది కాబట్టి, చాలామంది వ్యాఖ్యాతలు అది ముట్టు దినాలు గడిచాక ధర్మశాస్త్రం ప్రకారం చేసిన స్నానమే అంటారు. అంటే ఆమె ఆజ్ఞ పాటిస్తోంది. ఆ కడుపు ఊరియా వల్ల వచ్చింది కాదని కథ చెబుతున్నదీ ఆ మాటతోనే. తర్వాత ఇంటిముందుకొచ్చినవాళ్ళు రాజు దూతలు, ఆమె మొగుడు యుద్ధంలో ఉన్నాడు. తర్వాత దావీదును నిలదీయడానికి నాతాను ప్రవక్త ఒక కథ చెప్పాడు, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని. ఆ కథలో గొర్రెపిల్ల తనంత తాను ధనవంతుడి ఇంటికి నడిచివెళ్ళలేదు. దేవుని ప్రవక్త ఒక్క మాట కూడా ఆమెను అనలేదు. ఈ దులపడం వాకిట్లోనే ఆగిపోయుంటే బాగుండేది. అది సంఘ పంచాయితీల దాకా వెళ్ళింది, దాని సంగతి కింద చెబుతాను.

రెండో రాత్రి ఊరియాది. నాలుగింటిలోనూ జనం ఊపిరి బిగబట్టి విన్నది దీన్నే. రబ్బా ఇప్పటి జోర్డాను రాజధాని అమ్మాను. యెరూషలేము నుంచి గీత గీస్తే సుమారు 70 కిలోమీటర్లు. దారి మాత్రం గీతలా ఉండదు. కొండమీది యెరూషలేము నుంచి సముద్రమట్టానికి కిందున్న యెరికో లోయకి దిగాలి, యొర్దాను దాటాలి, మళ్ళీ అవతలి కొండలెక్కాలి. కాలినడకన రెండు మూడు రోజులు. దూత వెళ్ళడానికి అన్ని రోజులు, ఊరియా రావడానికి అన్ని రోజులు. క్షణికావేశం అనే మాట ఇక్కడ చెల్లదు. మధ్యలో ఆలోచించుకోవడానికి రోజులకి రోజులున్నాయి.

దాచడం ఎలా నడిచిందో చూడండి. యుద్ధ సమాచారం అడిగే నెపంతో ఊరియాను పిలిపించాడు. ఇంటికి పోయి కాళ్ళు కడుక్కోమన్నాడు, వెనకాలే రాజుగారి భోజనం పంపాడు. ఊరియా పోలేదు, నగరు ద్వారం దగ్గర సేవకుల మధ్య పడుకున్నాడు. దేవుని సన్నిధికి గుర్తయిన మందసమూ, ఇశ్రాయేలువాళ్ళూ, యూదావాళ్ళూ గుడారాల్లో ఉంటే నేను ఇంటికి పోయి తిని తాగి భార్యతో పడుకుంటానా అన్నాడు. ఈ మాట అన్నవాడు హిత్తీయుడు, పరాయి జాతివాడు. విన్నవాడు ఇశ్రాయేలు రాజు. మర్నాడు దావీదు అతనికి తాగబోసి మత్తెక్కించాడు. మత్తులో కూడా ఊరియా ఇల్లు తొక్కలేదు. అప్పుడు ఉత్తరం. ఊరియాను యుద్ధం మరీ పెచ్చుగా ఉన్నచోట ముందు నిలబెట్టి, మీరు వెనక్కి తగ్గండని యోవాబుకి రాసి, ఆ ఉత్తరం ఊరియా చేతికే ఇచ్చాడు. తన చావు ఉత్తరాన్ని మోసుకుని అతను ఆ లోయ దిగి, ఏరు దాటి, కొండెక్కాడు.

అసలు పాఠం దాని తర్వాత ఉంది. యోవాబు ఆ పని అక్షరాలా చెయ్యలేదు. ఒక్కణ్ణి వదిలేసి అందరూ వెనక్కొస్తే ఎవరికైనా అనుమానమొస్తుంది. అందుకని బలమైన శత్రువులున్న వైపు ఊరియాను పెట్టి, గోడ దగ్గర పోరాటం జరగనిచ్చాడు. దావీదు సేవకులు మరికొందరు కూడా చచ్చారు. వాళ్ళ పేర్లు లేవు. ఒక రహస్యం దాగాలంటే ఎంతమంది పోవాలో ముందుగా లెక్క కట్టలేమని ఉపదేశి గారు ఇక్కడ ఆగేవాడు. పైగా యోవాబు దూతకి పాఠం నేర్పి పంపాడు: గోడ దగ్గరికెందుకు పోయారని రాజు కోప్పడితే, పూర్వం అలాగే గోడ దగ్గరికి పోయి తిరగటిరాతి తునక పడి చచ్చిన అబీమెలెకును గుర్తుచేస్తే, ఊరియా కూడా చచ్చాడని చెప్పు. ఆ ఒక్క మాటతో రాజు కోపం చల్లారుతుందని యోవాబుకి తెలుసు. ఆ రోజుతో రాజు గుట్టు సేనాపతి గుప్పిట్లోకి వెళ్ళింది. యోవాబును అదుపు చెయ్యడం దావీదుకి అంతకుముందే చేతకాలేదు, ఇకమీదట అసలే కాదు. బత్షెబ దగ్గరికి వెళ్ళిన దూతలకి తెలుసు, సేవకులకి తెలుసు, యోవాబుకి తెలుసు. దాగిందని నమ్మింది దావీదొక్కడే. అధ్యాయం చివరి మాట: "అయితే దావీదు చేసినది యెహోవా దృష్టికి దుష్కార్యముగా ఉండెను."

మూడో రాత్రి నాతానుది. అందరికీ తెలిసిందే, తొందరగా చెబుతాను. ఊరియా చచ్చాక బత్షెబను పెళ్ళాడి, బిడ్డ పుట్టేదాకా దావీదు నోరు విప్పలేదు. పేదవాడి గొర్రెపిల్ల కథ విని మండిపడి, నాలుగంతలు ఇచ్చుకోవాలని తీర్పు తానే చెప్పాడు. నిర్గమకాండం 22:1లో గొర్రె దొంగకి విధించింది కూడా నాలుగు గొర్రెలే. "ఆ మనుష్యుడవు నీవే" అన్నాక వాదించకుండా ఒప్పుకున్నాడు. పెద్దలు ఆ నాలుగంతల్ని వేళ్ళమీద లెక్కపెట్టేవాళ్ళు: ఏడోరోజున చనిపోయిన పసిబిడ్డ, దావీదు మిగతా కొడుకుల్లో అమ్నోను, అబ్షాలోము, అదోనీయా. లేఖనం ఇలా కూడిక వేసి చెప్పలేదు, బోధకులు వేసిన లెక్క ఇది. చావులు మాత్రం నిజం.

ఆ రాత్రి వాదన లేచేది దావీదు ఈ పాపం ఒప్పుకుంటూ పాడిన 51వ కీర్తన దగ్గర. "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అంటాడు దావీదు. మరి ఊరియా మాటేమిటి? ఎవరో ఒక పెద్దామె తప్పకుండా అడిగేది. ఊరియాకి చేసినది దేవునికి చేసినదే అని కొందరు, రాజుని విచారించేవాడు దేవుడొక్కడే గనక అలా అన్నాడని కొందరు. మొదటి జవాబే బలంగా ఉంటుంది. పోతీఫరు భార్య తనతో పడుకోమన్నప్పుడు యోసేపు అన్నది కూడా దేవునికి విరోధంగా ఎలా పాపం కట్టుకుంటానని. ఏమైనా, మత్తయి మొదటి అధ్యాయంలో వంశావళి రాసేటప్పుడు ఆమె పేరు రాయకుండా ఊరియా భార్యగా ఉండిన ఆమె అని రాశాడు. దావీదు క్షమాపణ పొందాడు, ఊరియా పేరు చెరిగిపోలేదు.

నాలుగో రాత్రికి పిల్లల్ని ముందే పడుకోబెట్టేవాళ్ళు. 13వ అధ్యాయం. దావీదు పెద్దకొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును మోహించి చిక్కిపోయాడు. అతనికి యోనాదాబు అని ఒక స్నేహితుడు, పెదతండ్రి కొడుకు, మహా కపటి. పథకమంతా అతనిదే: జబ్బు నటించు, నాన్న చూడ్డానికొస్తే తామారు చేతి వంట కావాలని అడుగు. అమ్నోను ఒంటరిగా ఉన్నన్నాళ్ళూ అది లోపలి జబ్బుగానే ఉంది, స్నేహితుడు దానికి దారి వేశాడు. దావీదు స్వయంగా కూతుర్ని పంపాడు. ఆమె కళ్ళెదుటే పిండి పిసికి అప్పాలు కాల్చింది. అందర్నీ బయటికి పంపమని, లోపలి గదిలోకి తెమ్మని అన్నాడు. తామారు వాదించింది: ఇశ్రాయేలులో ఇలాంటిది చెయ్యరు, నా అవమానం నేనెక్కడ మోసుకుపోను, రాజును అడుగు అని. వినలేదు. బలవంతం చేశాడు. పని అయిన మరుక్షణం, ముందు ప్రేమించినదానికన్నా ఎక్కువగా ద్వేషించి, బయటికి గెంటించి తలుపు గడియ వేయించాడు.

ఈ ద్వేషం ఎందుకని అడిగే కుర్రాళ్ళకి పెద్దలు సూటిగా చెప్పేవాళ్ళు. మోహం ఎదుటి మనిషిని కోరుకోదు, తన ఆకలి తీరడాన్ని కోరుకుంటుంది. తీరాక మిగిలిన మనిషి తన తప్పుకి సాక్షిగా కనిపిస్తుంది. అందుకే గెంటేస్తాడు. తామారు రాజకుమార్తెలు తొడుక్కునే రంగురంగుల చొక్కా చింపుకుని, తలమీద బూడిద పోసుకుని, చెయ్యి నెత్తిన పెట్టుకుని ఏడుస్తూ వెళ్ళింది. తోడబుట్టిన అన్న అబ్షాలోము ఇంట్లో దిక్కులేనిదిగా ఉండిపోయింది. తర్వాత అబ్షాలోము తన కూతురికి తామారనే పేరు పెట్టుకున్నాడని 14:27లో ఉంది.

దావీదు విన్నాడు, చాలా కోపం తెచ్చుకున్నాడు. ఏమీ చెయ్యలేదు. ఏ మొహంతో చేస్తాడు? పెద్దకొడుకు తన దారినే నడిచాడు. తండ్రి నోరు పడిపోయిన ఇంట్లో తీర్పు కొడుకు చేతికి పోయింది. రెండేళ్ళు ఆగి, గొర్రెబొచ్చు కత్తిరించే విందులో అబ్షాలోము అమ్నోనును చంపించాడు. గెషూరుకి, తల్లి తరఫు తాత దగ్గరికి పారిపోయి మూడేళ్ళున్నాడు. తిరిగొచ్చి రెండేళ్ళు తండ్రి మొహం చూడకుండా అదే ఊళ్ళో ఉన్నాడు. తర్వాత తిరుగుబాటు. దావీదు చెప్పుల్లేకుండా ఏడుస్తూ ఒలీవల కొండెక్కాడు. అప్పుడు అబ్షాలోము పక్కన చేరిన మంత్రి ఎవరనుకున్నారు? అహీతోపెలు. అతనిచ్చిన మొదటి సలహా, నగరు కాపలాకి దావీదు వదిలివెళ్ళిన పదిమంది ఉపపత్నుల దగ్గరికి అందరూ చూస్తుండగా వెళ్ళమని. మేడమీద గుడారం వేశారు. నీ భార్యల్ని అందరి ఎదుటా ఇంకొకడికి ఇస్తానని దేవుడు నాతాను చేత చెప్పించిన మాట అక్షరాలా జరిగింది. ఎఫ్రాయిము అడవిలో ఆ ఒక్కరోజున 20,000 మంది చచ్చారు. మస్తకివృక్షం కొమ్మల్లో చిక్కుకున్న అబ్షాలోము గుండెలో యోవాబు మూడు బాణాలు దించాడు, చంపొద్దని రాజు అందరూ వింటుండగా చెప్పినా సరే.

ఇక కుర్రాళ్ళకి ఇచ్చిన ఆచరణ మాటలు. యోబు 31:1 మొదటిది: "నేను నా కన్నులతో నిబంధన చేసికొంటిని." యోసేపు వస్త్రం వదిలేసి పరుగెత్తడం రెండోది: శోధనతో చర్చ పెట్టుకోవద్దు, పరువు పోయినా లేచి పో. మూడోది రెండో తిమోతి 2:22, యౌవనేచ్ఛల నుంచి పారిపొమ్మని. ఆ వచనంలో రెండో సగం కూడా ఉంది, పవిత్ర హృదయంతో ప్రార్థించేవాళ్ళతో కలిసి నీతిని వెంటాడమని. దాన్ని వదిలేసినచోటే ఎక్కువమంది చెడ్డారు. ఉజ్జీవ కూడికల్లో ఏడ్చి, చేతులెత్తి, ఒట్టు వేసుకుని, సోమవారం అదే గది, అదే ఒంటరితనం, అదే వేళ. ఒంటరిగా ఉపవాసం పట్టేవాళ్ళది మరో తంటా: కడుపు మాడ్చుకుని, మొహం మాడ్చుకుని, సాయంత్రానికి నీరసంలో మరీ సులువుగా లొంగిపోయేవాళ్ళు. తెలివైన ఉపదేశులు ఉపవాసం రోజున కుర్రాణ్ణి ఒక పెద్దమనిషి వెంట పనికి పంపేవాళ్ళు. సమ్సోను కథ మాత్రం ఈ పనికి పెద్దగా ఉపయోగపడలేదు. మూడువందల నక్కలు, గాజా తలుపులు వినగానే పిల్లలు హుషారెక్కి, దెలీలా దగ్గర ఫిలిష్తీయుల సర్దారులు తలా వెయ్యిన్నొక వంద వెండినాణేలకి కుదుర్చుకున్న బేరం మర్చిపోయేవాళ్ళు.

పడిపోయినవాళ్ళ విషయంలో మత్తయి 18 క్రమం చెప్పేవాళ్ళు: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, ఆపైన సంఘం. చాలాచోట్ల జరిగింది మాత్రం నేరుగా మూడోది. పంచాయితీ పెట్టి ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకి, దూరం చేసేవాళ్ళు. మగవాడు క్షమాపణ చెప్పుకుని కొన్నాళ్ళకి మళ్ళీ బల్ల దగ్గరికొచ్చేవాడు, కొందరు కీర్తనలు ఎత్తుకోవడం కూడా మొదలుపెట్టేవాళ్ళు. ఆమెకి మాత్రం పేటలో చూపులు మారేవి కావు. మొదటి రాత్రి బత్షెబను దులిపిన ఫలితం ఇది. తప్పిపోయినవాణ్ణి సాత్వికమైన మనసుతో మంచి దారికి తేవాలన్న గలతీయులకు 6:1 ఆ పంచాయితీల్లో చదివినవాళ్ళు తక్కువ.

ఇప్పుడు మేడ అక్కర్లేదు, దూతలక్కర్లేదు, ఫోను చాలు. కానీ ఫోన్లో లేనిది ఒకటుంది. ఆమె ఫలానావాడి కూతురు కదా, ఫలానావాడి భార్య కదా అని చెప్పే ఆ సేవకుడు లేడు. తెరమీది బొమ్మకి తండ్రి పేరుండదు. అందుకే యవ్వనస్థులతో ఈ సంగతి ఎత్తేవాళ్ళు నంబరు బ్లాక్ చెయ్యడం, ఫోను రాత్రి హాల్లో పెట్టడం లాంటివి చెబితే మంచిదే, పిట్టగోడ కావాలి. వాటికి ముందు పదకొండో అధ్యాయం మూడో వచనం దగ్గర పావుగంట ఆగండి.

నాలుగు రాత్రులు దొరక్కపోతే రెండైనా తీసుకోండి, అందులో ఒకటి 13వ అధ్యాయానికి ఇవ్వండి. ఆడపిల్లలున్నారని దాటేయకండి, వాళ్ళున్నారనే చదవాలి. చివర 20:3 పైకి చదవండి, ఒక్కటే వచనం: తిరిగొచ్చిన దావీదు ఆ పదిమంది ఆడవాళ్ళనీ కాపలా ఇంట్లో పెట్టి, పోషించాడు గాని వాళ్ళ దగ్గరికి పోలేదు, వాళ్ళు చచ్చేదాకా విధవల్లాగే బతికారు. దీని మీద ప్రసంగం అక్కర్లేదు. చదివి, ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పండి.